ఫ్లాస్కు అడుగున గోజీ పళ్లు

మొగుడు షెంగ్‌మింగ్ చిగుళ్లలోంచి రక్తం కారిన రోజే గ్వేయింగ్ అతని టీలో ఎర్రటి ఎండు గోజీ పళ్లు రెండింతలు చేసింది. చైనాలోని నింగ్‌షియా తోటల్లో నలభై ఏళ్లుగా ఆ పళ్లు కోసిన చేయి అది. చితక్కుండా కోయడంలో ఊళ్లో ఆమె తరువాతే ఎవరైనా.

"నీరసమయ్యా! ఇది తాగితే రక్తం పడుతుంది," అంది.

గోజీ పొట్లాల మీదా అదే రాత. కంటికి మంచిది, కాలేయానికి మంచిది, నూరేళ్లు బతుకుతారు. అచ్చేసేవాళ్లకేం, ఏదైనా అచ్చేస్తారు.

గుండెకు కొత్త కవాటం పెట్టినప్పటి నుంచి మొగుడు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాడు. చిగుళ్ల తరువాత తొడ మీద గిన్నెంత నల్లటి కమిలిక. ఒక ఉదయం ముక్కులోంచి కారిన రక్తం ఇక ఆగలేదు. రెండు తువ్వాళ్లు తడిసిపోయాయి. ఆసుపత్రి దాకా గ్వేయింగ్ అతని చేయి వదల్లేదు.

"వేరే మందులేమైనా ఇస్తున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఒట్టు, ఒక్కటీ లేదమ్మా."

"కషాయాలు?"

"అబ్బే!"

"మరి ఆ ఫ్లాస్కులో?"

"నీళ్లే."

డాక్టరమ్మ మూత తీసింది. అడుగున గుప్పెడు ఎర్ర పళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇవా నీళ్లు?"

"మా ఇళ్లల్లో నీళ్లంటే ఇవేగా."

"ఆ మాత్రతో ఇవి పడవమ్మా. రక్తం గడ్డకట్టనివ్వవు. ఈసారి తలలో కారితే నేనేం చేయలేను."

గ్వేయింగ్ ఫ్లాస్కు లాక్కుని మూత బిగించింది. ఇన్నాళ్లూ ప్రాణం పోస్తున్నాననుకుంటూ తన చేత్తోనే తీస్తూ వచ్చింది.

ఇంటికి రాగానే గోజీ డబ్బాలన్నీ పక్కింటికి ఇచ్చేసింది. రోజూ తెల్లవారగానే భయంభయంగా అతని దిండు చూసేది. పదిహేనో రోజున దాని మీద ఎర్రటి మచ్చ కనిపించింది. వేలు పెట్టి చూసింది. గట్టిగా తగిలింది. గోజీ పండు! హమ్మయ్య అనుకుని దిండు ఎత్తింది. కింద ఇంకో గుప్పెడు ఉన్నాయి.

"ఇవెక్కడివయ్యా?"

"పక్కింటివే. రోజూ తింటున్నా. నలభై ఏళ్లు నువ్వు పెట్టిన పండు నన్నేం చేస్తుందే, పిచ్చిమొహమా!" అంటూ షెంగ్‌మింగ్ నవ్వాడు.

అతని పళ్ల సందుల్లో మళ్లీ రక్తం.