పెన్ను మూత

ఏలూరులో విదేశీ టూర్లకు బీమా చేసే ఆఫీసులో ఒకావిడ ఉండేది. ఎదుటివాడు కోతలు కోస్తుంటే కాదనేది కాదు. పెన్నుకు మూత పెట్టి ఆగేది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సింగపూర్ టూరుకు బీమా కోసం తాడేపల్లిగూడెం నుంచి ఒక్కణ్ణే వెళ్లాను. నా జబ్బుకి వైద్యం మొదలయ్యేలోపు టూరుకి వెళ్లి రావచ్చని డాక్టరు అన్నాడు. ఆ సంగతి తెలిస్తే బీమా ఇవ్వరని నా భయం.

"జబ్బులేమైనా ఉన్నాయాండీ?"

"నాకా! కొల్లేరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదినవాణ్ణమ్మా."

పెన్నుకు మూత పడింది.

"అంటే, మోకాలి లోతు దాకా దిగాననుకో."

మూత తియ్యలేదు.

"ప్రోస్టేట్ క్యాన్సరమ్మా. పోయిన వారమే తేలింది."

"ఇంట్లో చెప్పారాండీ?"

"ఇంట్లో ఎవరున్నారనీ? నీకే మొదట చెప్పడం."

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుందని రాద్దామనుకున్నాను. పెట్టుకోలేదు. మూత తీసి, ఉన్నదున్నట్టు రాసింది.

"ఆ జబ్బుకి వర్తించదండీ. మిగతా వాటన్నిటికీ వర్తిస్తుంది. వెళ్లి రండి మాస్టారూ."

తిరిగొచ్చాక, పనేమీ లేకపోయినా ఆ ఆఫీసుకి మళ్లీ వెళ్లాను.

"టూరు ఎలా జరిగిందండీ?"

"బ్రహ్మాండం! మా బస్సంతా నా చుట్టూనే."

ఆవిడ పెన్నుకు మూత పెట్టింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.