అడివిలో రాళ్ల గది, సల్వాలో మామా గది

దగ్గరికి జరిగి కూసోండి. గట్టిగా చెప్పే కథ కాదిది.

ఇరాక్ మిలటరీ కువైట్‌ను పట్టుకున్న ఏడు నేను ఆడ సల్వా అనే పేటలో ఒక ఇంట్లో పనిచేస్తా ఉన్నా. ఇంటి యజమానమ్మను ఆడ మామా అని పిలుస్తాము. ఆమెకు కొత్తగా మొగుడు పోయినాడు. వాళ్లలో మొగుడు పోతే ఆడమనిషి నాలుగు నెలలకు పైనే ఇల్లు కదలదు, పరాయి మగోడి కంట పడదు. ఇద్దా అంటారు. మామా ఉండే గదిలోనే ఒక ఐర్లండ్ నర్సమ్మను దాచినాము. సిపాయిలు తెల్లోళ్లను పట్టుకొని పోతా ఉండిరి మరి.

కిటికీలకు దుప్పట్లు. ఆ ఉడుకులో ముగ్గురం. దగ్గాలన్నా భయమే. నర్సమ్మ వచ్చీరాని అరబ్బీలో వాళ్ల దేశంలో మొక్కే ఒక తల్లి కథ చెప్పేది. శానా కాలం కిందటి దొరబిడ్డంట. మందలకు మందలు ఆవులు, మెడనిండా బంగారు. నాయన ఒక రాజుకొడుకుతో పెండ్లి ఖాయం చేస్తే, సొమ్ములన్నీ తీసి గడప మీద పెట్టి అడివికి పోయిందంట. తన చేత్తోనే రాళ్లు పేర్చి, ఒక్క మనిషి పట్టే గది కట్టుకొని, ఆకూ అలమూ తిని, దేవుణ్ణి తలుచుకుంటా బతికిందంట. రాజుల మనుషులు తరిమినోళ్లంతా ఆమె దగ్గరికే ఉరికొచ్చేవాళ్లంట. వాళ్లను లోపల పెట్టి, తాను వాకిట్లో నిలబడేదంట.

"దొరబిడ్డకు రాళ్లు మొయ్యడం ఎవురు నేర్పినారమ్మా?" అన్నా.

"నీ మాదిరి పనిమనిషి ఎవురో ఉండింటాది," అనింది నర్సమ్మ.

మామా నవ్వలేదు. "ఆమె కోరి కూర్చునింది. మనల్ని కూర్చోబెట్టినారు."

ఒక పొద్దున నేను టీ తీసుకొని పోతా ఉంటే సిపాయిలు లోపలికొచ్చిరి. వాళ్ల ఆఫీసరు మామా తలుపు దాకా వచ్చినాడు.

"మా మామా ఇద్దాలో ఉండాది," అన్నా అడ్డం నిలబడి.

ఆగినాడు. ఆగి, నా చేతిలో పళ్లెం చూసినాడు. "మూడు గ్లాసులెవరికి?"

"మామాకొకటి, నాకొకటి."

"మూడోది?"

నర్సమ్మ పాణం ఆ గ్లాసులో ఉండాది.

"పోయిన అయ్యకు. మా కడప పక్క సచ్చిపోయినోళ్లకు ఇష్టమైంది పెడతాము."

"అస్తగ్‌ఫిరుల్లా!" అని, పాపం మాట ఇన్నట్టు దేవుణ్ణి తలుచుకొని రెండడుగులు ఎనక్కేసినాడు. లోపల్నుంచి మామా గొంతు లేచింది: "నీ తల్లి ఇద్దాలో ఉంటే ఇట్లే వస్తావా ఆమె తలుపు కాడికి?"

తల దించుకొని, "యల్లా," అని సిపాయిలను బయటికి తోలినాడు.

నేను లోపలికి పోతానే మామా నా చెయ్యి గిల్లింది. "ఓసి పిచ్చిదానా, మా ఆయన బతికినన్నాళ్లూ టీ ముట్టలేదే!"

వీధిలో వాళ్ల జీపు ఇంకా పోలేదు. ముగ్గురం నోట్లో గుడ్డలు కుక్కుకొని నవ్వినాము, కండ్లలో నీళ్లొచ్చేదాకా.

మీ ఇంట్లో బిడ్డలు, పెద్దలు, వచ్చిన సుట్టాలు, అందరూ వీధి చివరిదాకా ఇనబడేట్టు నవ్వాల. సల్లంగుండండి.