కప్పు మీద వేసిన పన్ను

పాలపళ్ళకి డాక్టరెందుకని అడిగిన మేధావిని నేనే. ముందుగా ఆ సంగతి ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. మొన్న శనివారం మా మనవరాలిని ఆరు నెలల పరీక్షకి విజయవాడ మొగల్రాజపురంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఎనిమిదేళ్ళ పిల్ల, తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కినంత హుషారుగా ఆ కుర్చీ ఎక్కి, అడగకముందే నోరు తెరిచింది. నేను మాత్రం బయట బెంచీ మీద, లోపల మిషను చప్పుడైనప్పుడల్లా ఎడమ దవడ పట్టుకుని కూర్చున్నాను. నా ఈడువాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు. మన చిన్నప్పుడు పళ్ళ డాక్టరంటే పన్ను పీకే మనిషి, అంతే. పన్ను బాగుండగా ఆయన ముఖం చూసిన పిల్లలెవరినీ నేనెరుగను.

మాది పామర్రు. పొద్దున్నే నూతి దగ్గర పెద్దవాళ్ళు వేపపుల్లలు నములుతూ ఊరి సంగతులన్నీ తేల్చేవారు. పిల్లలకి పిడక కాల్చి నూరిన కచ్చిక ఇచ్చేవారు. మేము దాన్ని వేలికి అద్దుకుని, ముందు నాలుగు పళ్ళ మీద అటూ ఇటూ తిప్పి, మూతంతా నల్లగా చేసుకుని చద్దన్నానికి పరిగెత్తేవాళ్ళం. నల్లమూతే పళ్ళు తోముకున్నట్టు సాక్ష్యం. వెనక దవడలో కూడా పళ్ళుంటాయన్న సంగతి, అవి నొప్పి పెడితే తప్ప ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు.

నా వెనక దవడ కథలో మా బాబాయిది పెద్ద పాత్ర. నాన్నకి ఆఖరి తమ్ముడు, నాకంటే పదమూడేళ్ళు పెద్ద. విజయవాడ వన్ టౌన్‌లో ఒక పిప్పరమెంట్ల గోడౌన్‌లో పనిచేసేవాడు. ఆదివారం ఆయన బస్సు దిగాడంటే చొక్కా జేబుల్లోంచి వచ్చే ఆ తీపి వాసనకే మా వీధి పిల్లలంతా పోగయ్యేవాళ్ళు. గుప్పిళ్ళతో పంచేవాడు గానీ తాను ఒక్కటి కూడా నోట్లో వేసుకునేవాడు కాదు. ఎందుకు బాబాయ్ అంటే, వారమంతా ఆ వాసనలోనే ఉంటాను, మొహం మొత్తిందిరా అనేవాడు. ఆయన వాటా కూడా నేనే కష్టపడి పూర్తిచేశాను. ఒకటి దవడ వెనక అట్టిపెట్టుకుని, బళ్ళో లెక్కల పిరియడు మొత్తం దాని మీదే గడిపేవాణ్ణి.

తొమ్మిదో ఏట ఆ దవడ పన్ను పుచ్చింది. నానమ్మ లవంగం పెట్టింది. తరవాత, పుప్పిపంటిలో పురుగులు తీస్తానంటూ ఊళ్ళమ్మట తిరిగే ఆవిడ చేత వాకుడు గింజల పొగ పట్టించింది. గిన్నెలో నీళ్ళ మీద తెల్లటివేవో తేలితే అవే పురుగులన్నారు. గింజల్లోని పొట్టో ఏదో అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను గానీ, ఆ రోజు మాత్రం వాటిని చూడ్డానికి వచ్చిన జనానికి నేనే హీరోని. నొప్పి తగ్గలేదు. అమ్మ బందరు ఆసుపత్రికి తీసుకువెళదామంది. నానమ్మ ఒక్క మాటతో ఆపేసింది.

"పాలపన్నే కదమ్మా. ఇది పోతే ఇంకోటి వచ్చుద్ది. దానికి బందరు దాకా దేనికి?"

చివరికి ఊళ్ళో కాంపౌండరు గారు పీకేశారు. మా పద్ధతి ప్రకారం దాన్ని పేడముద్దలో పెట్టి, వెనక్కి తిరిగి నిలబడి, మా పెంకుటింటి కప్పు మీదికి విసిరాను. ముందు పళ్ళన్నీ అలా వేసినవే, అన్నీ తిరిగొచ్చాయి. ఇది మాత్రం రాలేదు. ఆదివారం ఆదివారం బాబాయి అరుగు మీద కూర్చోబెట్టుకుని నోరు తెరవమనేవాడు. తల వంచి, కన్ను చికిలించి, చాలాసేపు చూసేవాడు.

"వస్తందిరోయ్, కొన కనపడతంది" అనేవాడు.

"సరిగ్గా చూశావా బాబాయ్? నిజంగానే కనపడతందా?"

"నా కళ్ళ మీద ఒట్టు" అని ఇంకో పిప్పరమెంటు చేతిలో పెట్టేవాడు.

ఏళ్ళు గడిచాయి. కప్పు మీదికి సరిగ్గా విసరలేదేమో, జారి పక్కింటివాళ్ళ దొడ్లో పడిందేమో, వాళ్ళబ్బాయికి గానీ వచ్చిందేమో అని చాలాకాలం ఆ కుర్రాడి నోటి వైపు అనుమానంగా చూశాను. పెద్దయ్యాక మున్సిపాలిటీలో పన్నుల విభాగంలో ఉద్యోగమొచ్చింది. రావలసిన పన్ను రాకపోతే ముప్పై ఏళ్ళు ఊరందరికీ నోటీసులిచ్చాను గానీ, నా నోట్లో రావలసిన పన్నుకి ఎవరికి నోటీసివ్వాలో తెలియలేదు. కుడి పక్కనే నమలడం అలవాటైంది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ, ఈయన వంట నచ్చక మూతి వంకర పెడుతున్నారని అపార్థం చేసుకుంది కూడా. ఎడమ పక్క పళ్ళు ఆసరా లేక ఒకదాని మీదొకటి ఒరిగి, ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. కొందరికి రెండో పన్ను రాదు కాబోలు, నా నోటి రాత ఇంతే అనుకుని సరిపెట్టుకున్నాను.

రెండేళ్ళ కిందట మనవరాలి బడిలో పళ్ళు పరీక్ష చేసి, వెనక దవడ పన్ను పుచ్చుతోంది, డాక్టరుకి చూపించమని చీటీ పంపారు. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకి పోతే పిల్ల సాయంత్రాలు మా దగ్గరే ఉంటుంది కనక ఆ చీటీ నా చేతికే వచ్చింది. అమ్మాయి తీసుకువెళ్ళమంది. అప్పుడే నేను పైన చెప్పిన తెలివైన మాట అన్నాను. నానమ్మ మాటే, నానమ్మ గొంతుతోనే అన్నాను. చీటీ మడిచి పంచాంగంలో పెట్టాను. మూడు నెలలు గడిచాయి.

ఒకరోజు పిల్లకి జంతిక ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. అది తల కొంచెం కుడి పక్కకి వాల్చి, ఎడమ బుగ్గ కదలకుండా, కుడి పక్కనే నములుతోంది. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టయింది. నొప్పిగా ఉందా అంటే లేదు తాతయ్యా, అటుపక్క తినకూడదంతే అంది. నా జంతిక నోట్లోనే ఆగిపోయింది. ఆటో పిలిచి అప్పటికప్పుడు బయల్దేరదీశాను.

డాక్టరమ్మ చూసి, "ఇది పాలపన్ను కాదండీ" అంది. ఆరో ఏట పాలపళ్ళన్నిటికీ వెనకగా, ఏదీ ఊడకుండానే కొత్తగా వచ్చే పన్నట. ఊడి రాదు కనక ఇంట్లో ఎవరూ పట్టించుకోరట. జీవితాంతం ఉండాల్సిన పన్నట. "ఇది పోతే ఇంకోటి రాదండీ."

అరవై ఏళ్ళు ఎదురుచూసిన ఉత్తరానికి చిరునామాయే లేదని అప్పుడు తెలిసింది. నాలుక దానంతటదే ఆ ఖాళీలోకి వెళ్ళింది. అయితే ఆ క్షణంలో నాకు నా పన్ను దిగులు లేదు. పిల్లది ఉంటుందా పోతుందా అన్నదే. ఎక్స్‌రే తీసి, దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి డాక్టరమ్మ చూసినంతసేపూ ఆవిడ ముఖమే చూస్తూ నిలబడ్డాను. నరం దాకా పోలేదండీ, ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే కష్టమయ్యేది అంది. శుభ్రం చేసి సిమెంటు పెట్టింది. ఆ రోజు నుంచి ఆరు నెలలకోసారి ఎవరూ గుర్తుచేయకుండానే నేనే తీసుకువెళుతున్నాను. రాత్రి పడుకోబోయే ముందు ఇద్దరం కలిసి బ్రష్షు చేసుకుంటాం. అది నోట్లో, నేను ఆ తరవాత అదే డాక్టరమ్మ కట్టిన పళ్ళు తీసి గ్లాసులో.

ఇప్పటి పిల్లలకి అన్నీ తెలుసు. ఏ పన్ను ఎప్పుడొస్తుందో గోడ మీది బొమ్మ చూపించి చెప్పేస్తారు. ఇది మంచి కాలమే, నేను కాదనను. అయినా ఆదివారం పూట అరుగు మీద కూర్చుని, లేని పన్నుకి కొన చూపించేంత తీరికా ప్రేమా ఉన్న మనుషులు మాత్రం ఆ పెంకుటిళ్ళతో పాటే తగ్గిపోయారనిపిస్తుంది.

ఉన్న ఒక్కరూ మా బాబాయే. ఎనభై ఒకటి దాటినా ముప్పై రెండు పళ్ళతో నా ఎదుటే చెరుకు ముక్కలు విరిచి తినే మనిషి, కిందటి నెల ఫోన్ చేసి చిన్న గొంతుతో "ఒరే, పన్ను ఊడిందిరా" అన్నాడు. వన్ టౌన్‌లో ఆయన ఇంటికి వెళ్ళాను. కాగితంలో చుట్టి దాచుకున్నాడు.

"పాలపన్నేలే బాబాయ్. పేడముద్దలో పెట్టి కప్పు మీదికి విసిరెయ్, మళ్ళీ వచ్చుద్ది" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. గుర్తొచ్చింది.

అప్పట్నించీ ఆదివారం ఆదివారం వెళుతున్నాను. నోరు తెరిపించి, కన్ను చికిలించి చూసి, కొన కనపడతందని చెప్పి, చేతిలో ఒక పిప్పరమెంటు పెడతాను. మొన్న ఆయన దాన్ని నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని ఆఖరిదాకా చప్పరించి, లేచి వెళ్ళి మూడుసార్లు పుక్కిలించి వచ్చి, నేను అడగకుండానే మళ్ళీ నోరు తెరిచాడు.

"సరిగ్గా చూడరా, నిజంగానే కనపడతందా?"

చూశాను. ఒట్టు కూడా వేశాను.