ఎస్తేరు సిస్టరు కొన్న మూడు రిసీవర్ల ఫోను

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో జయరామప్ప అంగడికి ఫోన్లు కొనడానికి వచ్చినవాళ్ళు వేలమంది ఉంటారు. కానీ కుడిచెయ్యి కొంగులో చుట్టి దాచిపెట్టి, కళ్ళు మూసుకుని, ఎడమచేతి బొటనవేలితో ఒక్కో ఫోనూ నొక్కి చూసిన మనిషి మాత్రం ఎస్తేరు ఒక్కతే. రెండువేల నాలుగో సంవత్సరం మాట అది. పన్నెండింటికి అంగట్లో అడుగుపెట్టిన మనిషి రెండున్నరకు కూడా లేవలేదు. కూతురు ఏంజెల్, బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్ల, సగంరోజు సెలవు కాస్తా అయిపోతోందని గడియారం చూసుకుంటూ కూర్చుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ పూట జయరామప్ప పని అలాగే అయింది.

ఎస్తేరుదీ తప్పు కాదు. జమ్మలమడుగు దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో నర్సు చదువుకని బెంగళూరు వచ్చి, ముప్పైమూడేళ్ళు ఒకే ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డులో చేసింది. మంచం దగ్గర గంట మోగిందంటే రెండో మోతకల్లా అక్కడ ఉండేది. నోటి దగ్గరికి పోతున్న ముద్ద కంచంలో వదిలేసి లేచిన రోజులు ఎన్నో. పిలిస్తే పలకని నర్సు నర్సే కాదని చిన్నవాళ్ళను చెడామడా తిట్టేది, వాళ్ళు చాటున పోలీసమ్మ అని పేరు పెట్టుకునేవాళ్ళు. అంతటి మనిషికి సొంత మొగుడు పిలిస్తే వినబడని రోజొకటి వచ్చింది.

ఆయన పేరు ఏలియా. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఫోను కొనడానికి నాలుగు నెలల ముందు, మేడమీద స్నానాలగదిలో పక్షవాతం వచ్చి పడిపోయాడు. కింద వంటింట్లో ఎస్తేరు మిక్సీ వేసుకుని, తర్వాత కుక్కరు పెట్టుకుని, తన పనిలో తానుంది. ఆయన గంటసేపు తడినేల మీద పడి పిలుస్తూనే ఉన్నాడు. కుడిపక్కంతా చచ్చుబడిపోయింది. గొంతూ పోయింది. నెలన్నరకు మాట ముద్దముద్దగా తిరిగొచ్చినప్పుడు ఆయన మొట్టమొదట అడిగింది ఒక్కటే.

"పిలిస్తే పలకవేమే?"

ఎస్తేరు ఆ రోజు ఏడ్చినట్టు తల్లి పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంకెప్పుడూ అట్ల కానియ్యనప్పా. నువ్వు పిలవాల, నేను పలకాల. అంతే," అంది.

పోనీ కిందగదిలోకి మారమంటే ఏలియా ఒప్పుకోలేదు. మేడమీద కిటికీలోంచి కె.ఆర్.పురం స్టేషను పట్టాలు కనబడతాయి, ఏ బండి ఎంత ఆలస్యమో చెప్పుకోవడం తప్ప ఆయనకు మిగిలిన సరదా లేదు. ఆ కాస్తా లాగేసుకోవడానికి ఎస్తేరుకు చేతులు రాలేదు. సెల్‌ఫోను కొనిద్దామని ఏంజెల్ అంది. దాని బొత్తాలు గోరంత ఉండేవి, ఆయన వేలికి ఒకటి నొక్కబోతే మూడు పడేవి. అందుకే ఈ తీగలేని ఫోను, ఒకే లైనుకు రెండు మూడు రిసీవర్లు వచ్చే రకం, చూడటానికి బయలుదేరారు.

జయరామప్ప మొదట రెండు రిసీవర్లది చూపించాడు, చవక కూడా. మేడమీదికి ఒకటి, వంటింటికి ఒకటి పోతే, పెరట్లో బట్టలుతికేటప్పుడు తన గతేమిటని ఎస్తేరు పక్కన పెట్టేసింది. ఇంకోదానికి మూడున్నాయి గానీ, ఒక గదిలోంచి ఇంకో గదికి పిలవాలంటే రెండు బొత్తాలు నొక్కాలి. పక్షవాతం మనిషికి రెండో బొత్తం గుర్తుండదని అదీ కాదంది. చివరికి ఒక్క పెద్ద బొత్తం నొక్కితే మిగతా రెండూ మోగేది దొరికింది. అక్కడితో వదిలితే ఎస్తేరు ఎలా అవుతుంది? గోడల్లోంచి వినబడుతుందో లేదో చూడాలని జయరామప్పనే రిసీవరు ఇచ్చి పక్క గోదాము మూడో అంతస్తు ఎక్కించింది. పాపం, భారీ మనిషి, పైనుంచి రొప్పుతూ "వినబడతాదా తల్లీ?" అన్నాడు. కరెంటు పోతే ఎలాగని అడిగింది. మూగబోతాదని ఆయన నిజమే చెప్పాడు. దానికని బ్యాటరీ పెట్టె కూడా కొంది. పెండ్లిచూపుల్లో కూడా తనను ఇన్ని అడగలేదని జయరామప్ప ఏంజెల్‌తో మొరపెట్టుకున్నాడు.

ఆ ఫోనుతో ఎనిమిది నెలలు ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. నీళ్ళకు పిలిచేవాడు, దుప్పటికి పిలిచేవాడు, చెన్నై బండి నలభై నిమిషాలు లేటని చెప్పడానికి కూడా పిలిచేవాడు. నీకు వేరే పని లేదా అని విసుక్కుంటూనే ఎస్తేరు రెండో మోతకు ఎత్తేది. లోపల్లోపల ఆమెకు ఎంత సంతోషమో.

వాళ్ళ చర్చి తెలుగు సంఘంలో గొలుసు ప్రార్థన అని ఉంది. ఎవరింట్లో కష్టమొచ్చినా సాయంత్రం నాలుగింటికి ఒకావిడ ఇంకొకావిడకు ఫోను చేస్తుంది, ఫోన్లోనే ప్రార్థన చేసుకుంటారు, ఆమె ఆ పై ఆవిడకు చేస్తుంది. ప్రార్థన మొదలైందంటే కళ్ళు తెరవకూడదు. ఆమెన్ అనేదాకా పిడుగుపడ్డా కదలకూడదు. ఎస్తేరు ప్రార్థనంటే సంఘంలో పెద్ద పేరు, పొడుగూ ఎక్కువే.

ఒక గురువారం సాయంత్రం ఏలియాకు పాలలో నానబెట్టిన రస్కు తినిపిస్తూ, వేడినీళ్ళకని గిన్నె అక్కడే పెట్టి కిందికి వచ్చింది. అప్పుడే ఫోను మోగింది. సంఘంలోని రెబెకా. ఆమె భర్త డానియల్‌కు ఓల్డ్ మద్రాస్ రోడ్డులో లారీ తగిలి తలకు దెబ్బ, ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆ పిల్ల ఏడుపు వినలేక ఎస్తేరు వంటింట్లోనే మోకరించి కళ్ళు మూసుకుంది. మొర ఆలకించు ప్రభువా, పిలిచినవారికి పలికే దేవుడవు, అని మొదలుపెట్టింది.

కొంతసేపటికి చెవిలో కుయ్‌మని చిన్న మోత. గొలుసులో ఎవరో తొందరపడి చేస్తున్నారనుకుంది. ప్రార్థన ఆపలేదు. మళ్ళీ మోగింది. సాతాను ఆటంకం పెడుతున్నాడనుకుని గొంతు ఇంకాస్త పెంచింది. మూడోసారీ మోగి ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకో నాలుగైదు నిమిషాలకు ఆమెన్ చెప్పి, రెబెకాను ఓదార్చి, వేడినీళ్ళు తీసుకుని పైకెక్కింది.

గిన్నె ఖాళీగా ఉంది. మిగిలిన రస్కు ఆయన ఎడమచేత్తో తానే తినబోయాడు. పొరబోయింది. మొహం నల్లబడి, మంచం అంచుకు ఒరిగి ఉన్నాడు. పిడికిట్లో రిసీవరు, బొటనవేలు బొత్తం మీదే ఉంది. ఎస్తేరు బోర్లా తిప్పింది, వీపు మీద చరిచింది, గొంతులో వేలు పెట్టి గోరంత ముక్క బయటికి లాగింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఎంతమందికో ఊపిరి తెచ్చిన చేతులవి. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం రాలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఏంజెల్‌ను వంటింట్లో ఫోను మాట్లాడుతూ ఉండమని, తాను పైకెక్కి ఆ బొత్తం నొక్కింది. పెరటి రిసీవరు కూడా మోగలేదు. లైను నడుస్తుంటే ఆ ఫోను ఎక్కడా మోగదు, మాట్లాడేవాళ్ళ చెవిలో మాత్రం మోత పెడుతుంది. చెవిలో ఏదో కుయ్‌మంటా ఉండాదమ్మా అని ఏంజెల్ కిందనుంచి అరిచింది. అంగట్లో అన్ని అడిగిన ఎస్తేరుకు ఈ ఒక్కటీ అడగాలని తోచలేదు.

మూడోనాడు ఇంట్లోనే ఆదరణ కూడిక, పోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చే ప్రార్థన, పెట్టారు. హాలంతా జనం. ఏలియా ప్రశాంతంగా ప్రభువులో నిద్రించాడని పాస్టరుగారు చెప్పారు. రెబెకా సాక్ష్యానికి లేచింది. ఎస్తేరక్క ప్రార్థించిన ఆ గంటకే తన భర్త కళ్ళు తెరిచాడని, దేవుడు ఆ నోట ఆలకించాడని చెప్పి ఏడ్చింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఎస్తేరు కూర్చున్నచోటినుంచే మెల్లగా అంది. "నిద్రలో పోలేదు పాస్టరుగారూ. పిలిచినాడు. మూడుసార్లు పిలిచినాడు. నాకు వినబడింది. నేనే ఆమెన్ అనేదాకా లేవకుండా ఉంటి."

రెబెకా మొహం పాలిపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేసుకుందాం అన్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఆయన కృప గురించి, ఆదరణ గురించి చెబుతూ పోయారు. ప్రార్థన సగంలో ఉండగా ఎస్తేరు లేచింది. జనం మధ్యలోంచి దారి చేసుకుని మెట్లెక్కి, ఏలియా గదిలోకి పోయి తలుపు వేసుకుంది.