దేవేంద్ర సార్ పై కరెంటు

దేవేంద్ర సార్ కంటికి లోకంలో ఎవరి తప్పూ ఆనదు. ఏ తప్పు జరిగినా అది ఆకాశంలో పారే కరెంటుదే. పుంగనూరు బస్సు దారి తప్పినా కరెంటే, క్యాంటీన్ నాగమ్మ ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసినా కరెంటే.

ఆయన మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. సొంతూరు కుప్పం. ఆయన కుదురుగా ఉండగా చూసినవాళ్లు లేరు. పాఠం చెబుతూ నడుస్తాడు, టీ తాగుతూ నడుస్తాడు. కుర్చీ వేస్తే దాని చుట్టూ నడుస్తాడు.

పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే మునీశ్వరి ఆయన ల్యాబ్ అసిస్టెంటు. చేరిన కొత్తలోనే గాజు పట్టకం ఒకటి ముక్కలైంది. చప్పుడు విని ప్రిన్సిపాల్ రామచంద్ర పరుగున వచ్చాడు.

“ఎవరు పగలగొట్టింది?”

“పై కరెంటు సార్,” అన్నాడు దేవేంద్ర సార్, నడుస్తూనే.

“పైన మిద్దెలో వైరింగే లేదు కదయ్యా!”

“ఇంకా పైన సార్. నూరు కిలోమీటర్ల పైన. ఎండకు ఆడుండే గాలికి కరెంటు పారే గుణం వస్తాది. ఆ గాలి ఊగతాది. కింద భూమేమో అయస్కాంతం. అయస్కాంతం దగ్గిర తీగ ఊపితే కరెంటు పుట్టదా? ఆడ గాలే తీగ! మన నెత్తిన డైనమో తిరగతాండాది సార్.”

“అదొచ్చి పట్టకాన్ని తోసిందా?”

“మనిషిని నిలకడగా ఉండనీదు సార్. నన్ను సూడండి.”

చూశాడు ప్రిన్సిపాల్. అప్పటికే సార్ తన చుట్టూ తిరగడంతో కళ్లు తిరిగి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. వాకిట్లో మాత్రం ఆగి, ఇంకోసారి ల్యాబ్‌లో ఏది చెడినా మునీశ్వరికి వచ్చే ఏటికి ఉద్యోగం ఆర్డరు ఇచ్చేది లేదన్నాడు. ఆర్డరు లేకుంటే మునీశ్వరి మళ్లీ మండీకి పోయి టమాటాలు ఏరుకోవాల్సిందే. ఆ రోజు నుంచి ఆమె ఏ గాజు సామానైనా రెండు చేతులతో తప్ప ఎత్తేది కాదు.

ల్యాబ్ వెనక చీకటి గదిలో దేవేంద్ర సార్ ప్రాణం ఉంది. గాజు పెట్టెలో పట్టుదారానికి వేలాడే చిన్న అయస్కాంతం, దానికి అంటించిన అద్దం ముక్క. అద్దం మీద పడిన వెలుతురు ఎదుటి గోడ మీద చుక్కగా పడుతుంది. పైన కరెంటు మారితే కింద అయస్కాంతం వెంట్రుకవాసి తిరుగుతుంది, గోడ మీద చుక్క జరుగుతుంది. మధ్యాహ్నం సార్‌కు క్లాసు. అప్పుడు గాజు తుడిచి, పెట్టె పక్కన నిలబడి చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టే పని మునీశ్వరిది.

ఆ గదికి ఎవరొచ్చినా సార్ పలకరింపు ఒకటే: “ఇనుముందా?” తాళాలు, ఫోను, బెల్టు బయటే. ప్రిన్సిపాల్ ఒకసారి రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని సైన్సు చూసి వచ్చాడు. మునీశ్వరి జడపిన్నులు తీసి గూట్లో పెట్టి, “లేదు సార్,” అని లోపలికి పోయేది.

మధ్యాహ్నం పూట చుక్క వేలెడు జరగడం మొదలైంది. పుస్తకాల్లో ఎక్కడా అంత లేదు. దేవేంద్ర సార్‌కు నేల మీద కాలు నిలవలేదు.

“మదనపల్లె నెత్తిన ఏరు పారతాండాదమ్మా! కుప్పంలో సావిత్రమ్మ మేడం ఇదే చదివినామె. ఆమెను పిలస్తా.”

సావిత్రమ్మ మేడం వచ్చింది. గడియారం విప్పి లోపలికి అడుగుపెట్టింది. వెనక ప్రిన్సిపాల్, ప్యాంటు పట్టుకుని. మునీశ్వరి గాజు తుడవడానికి వంగింది. చుక్క గెంతింది. భయపడి వెనక్కి జరిగితే చుక్క యథాస్థానానికి వచ్చింది. మళ్లీ వంగితే మళ్లీ గెంతింది.

“ఇదేందప్పా,” అంది మేడం, “ఈ పాప వంగితే ఆకాశం వంగతాండాదే!”

మునీశ్వరి చెయ్యి గొంతు దగ్గరికి పోయింది. పైట కింద తాళిబొట్టుకు పిన్నీసుల గుత్తి. పెళ్లయినప్పటి నుంచి చేరుతూ వచ్చినవి. బస్సులో కొంగు జారితే ఒకటి, పక్కామె చెప్పు తెగితే ఒకటి ఇవ్వడానికి ఉంటాయని. తాళికున్నది ఇనుమని ఎవరికి తోస్తుంది?

ప్రిన్సిపాల్ ఆమె వైపు తిరిగాడు. మునీశ్వరి దేవేంద్ర సార్ వైపు చూసింది. ‘పై కరెంటు’ అనే ఒక్క మాట కోసం.

దేవేంద్ర సార్ నిలబడిపోయాడు. కదలకుండా.

“తప్పు నాది మేడం. నా మొలతాడుకు బీరువా తాళాలుండాయి. మర్సిపోయినా.”

“ఆ అమ్మాయి వంగినప్పుడు కదా కదిలింది?” అన్నాడు ప్రిన్సిపాల్.

“వెనకాల్నే నేనూ వంగినా సార్. సూపించమంటారా?” సార్ చొక్కా పైకెత్తబోయాడు.

“వద్దొద్దు! ఆడోళ్లుండారు!” ప్రిన్సిపాల్ రెండు చేతులూ అడ్డం పెట్టబోయి, ప్యాంటు గుర్తొచ్చి ఆగాడు.

మేడం ఏదో అడగబోయి, మునీశ్వరి గొంతు మీది చేతిని చూసి మానుకుంది. తన చేతి గాజులకున్న రెండు పిన్నీసులు మెల్లగా తీసి గూట్లో పెట్టింది.

“ఇన్నాళ్ల కొలతలూ పనికిరావు దేవేంద్రా.”

“రావు మేడం. ఇనుము ఎవరిదైతేనేం, కొలత తప్పే. మళ్లా మొదులుపెడతా.”

వాళ్లు వెళ్లాక మునీశ్వరి ముక్కు తుడుచుకుంటూ అడిగింది. “పై కరెంటని అనింటే పోయేది కదా సార్. యాల అనలా?”

“మనుషుల తప్పులు ఎన్నైనా ఆకాశం మోస్తాదమ్మా. దాని కొలత దగ్గిర మాత్రం దాని మీద అబద్ధం సెప్పకూడదు.”

“మరి ఆ పొద్దు పట్టకం?”

“నీ సెయ్యి జారింది. నేను సూసినా.”

“ఉప్మాలో ఉప్పు?”

“నాగమ్మకు జరం.”

“పుంగనూరు బస్సు?”

“డ్రైవరు కొత్తోడు, పాపం.” సార్ మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం బస్సు బజారులో ఆగినప్పుడు, కిటికీలోంచి మునీశ్వరికి ఫ్యాన్సీ షాపు ముందు సార్ కనబడ్డాడు.

“ఇత్తడి పిన్నీసులుండాయా అప్పా?”

“స్టీలువి తీసుకోండి సార్, తళతళమంటాయి.”

“తళతళను ఏం చేసుకునేది? అయస్కాంతానికి అంటకూడదు!”

“పిన్నీసు కొంగుకు అంటుకుంటే సాలదా సార్?” అన్నాడు షాపతను, నోరు తెరిచి.

సార్ అప్పటికే పక్క షాపు మెట్లెక్కుతున్నాడు.