పెళ్లికి ముందు చైనా కుండలు

మా రాజేశం పెళ్లి చేసుకోవడానికి ఊరికి బయల్దేరాడు. ఒమాన్‌లోని ఇబ్రిలో మా ఇద్దరిదీ ఒకే రూమ్, ఒకే సైట్. నన్ను అన్నా అంటాడు. శుక్రవారం డ్యూటీ లేదు కనుక, మస్కట్ దాకా సాగనంపుదామని నేనూ పొద్దున ఆరింటి బస్సెక్కాను.

మస్కట్ శివారు మబేలాలో దిగి, పెట్టెలు తెలిసినవాళ్ల రూమ్‌లో పడేసి, పరోటాలు తిని చిక్కటి కరక్ చాయ్ తాగాం. విమానం రాత్రికి. సిటీలోని ఒక మ్యూజియంలో పాత చైనా కుండలు పెట్టారని బస్సులో ఎవరో అన్నారు.

"ఏసీల తిరుగుదాం పా, తమ్మీ" అన్నాను.

జుమ్మా నమాజు అయ్యాక తలుపులు తెరిచారు. అద్దాల వెనక గట్టిగా కాల్చిన కుండలు, లేత ఆకుపచ్చ పూతతో నిగనిగలాడుతున్నాయి. ఒకదాని మెడ చుట్టూ చిన్న మేడ, వాయిద్యాలు పట్టుకున్న మట్టి మనుషులు, అంచు నిండా పిట్టలు. రాజేశం మురిసిపోయి, కాబోయే భార్య లావణ్యకు వీడియో కాల్ చేశాడు.

"పిట్టలు ఎంత ముద్దుగున్నయో!" అందామె.

అంతలో అక్కడ పనిచేసే ఒమానీ అమ్మాయి వచ్చి, ఇవి సమాధుల్లో పెట్టేవని హిందీలో చెప్పింది. రాజేశం ముఖం మాడిపోయింది.

"పెండ్లికి పోయేటోనికి సావు కుండలు సూపిస్తవా అన్నా!"

"ఏమన్నదామె?" ఫోన్‌లో లావణ్య అడిగింది.

చెప్పొద్దని సైగ చేశాను. వాడు నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది సచ్చిపోయినోళ్ల కోసం చేసిన కుండనట" అన్నాడు.

పోయినవాళ్లకు ఏ లోటూ రాకూడదనే ఇల్లూ, పాటా, పిట్టలూ పెట్టేవారని ఆ అమ్మాయి చెబుతుంటే, నేను గబగబా తెలుగులో అందించాను.

"సచ్చినోళ్లకే ఇంత మంచి ఇల్లు కట్టిండ్రు. బతికున్న నాకు నువ్వెప్పుడు కడ్తవ్?" అంది లావణ్య.

"ముందుగాల నన్ను రానియ్యవే!"

మా నవ్వులకు ఆ ఒమానీ అమ్మాయి ఏమైందని అడిగింది. విన్నాక తనూ పగలబడి నవ్వింది.

పెట్టెలు తీసుకుని, అయిదింటికి ఎయిర్‌పోర్టులో వాణ్ణి దింపి, ఇబ్రి బస్సు పట్టుకున్నాను. మీరెవరైనా ఆ మ్యూజియానికి వెళితే శుక్రవారం మధ్యాహ్నం దాటాకే వెళ్లండి. పిట్టల దగ్గర కాసేపు ఆగండి. ఆ కుండలు చేసినవాళ్లు పోయినవాళ్లను ఎంత మురిపెంగా సాగనంపారో తెలుస్తుంది.