బుర్రకథ గౌరమ్మగారి ఫొటో పీకేశారు

మన అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద ఎవరి ఊరి బోర్డు వాళ్లు పెట్టిన ‘మా ఊరి ప్రముఖులు’ ప్రదర్శనలోంచి బుర్రకథ గౌరమ్మగారి ఫొటో పీకేసింది మన సంఘం కార్యదర్శి ప్రసాదరావు అంకులే. ఈ సాయంత్రం, నా కళ్లముందే!

"ఎందుకు తీశారంకుల్?"

"కథలు చెప్పుకునేవాళ్లు కూడా ప్రముఖులేంట్రా? అక్కడ మన ఎమ్మెల్యేగారిది పెద్ద ఫొటో పెడదాం."

పక్క బోర్డు హాలండ్ నుంచి వచ్చి మన బ్లాక్‌లో ఉంటున్న డచ్ ఆంటీది. వాళ్ల చిన్న ఊళ్లో పుట్టిన గాయని, టీవీలో నవ్వించే ముసలాయన, మాజీ మంత్రి, ముగ్గురి ఫొటోలూ ఒకే సైజు. "మంత్రిది కాస్త పెద్దగా ఉండాలి కదా?" అని అంకుల్ ఆవిడకీ సలహా ఇచ్చాడు.

ఆవిడ నవ్వేసింది. "ముగ్గురూ మా ఊరివాళ్లే. ఒకరిది పెంచితే మా అమ్మ ఫోన్ చేసి తిడుతుంది."

అంకుల్ మాత్రం నవ్వలేదు. ఫొటో చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోయాడు. నేను తీసి తుడిచి దాచాను.

రేపు సాయంత్రం ఏడింటికి గౌరమ్మగారు పట్టుచీర కట్టుకుని, తన ఫొటో చూసుకోవడానికి కొడుకు ఫ్లాట్ నుంచి కిందికి దిగుతారు. ఆవిడకి ఖాళీ మేకు చూపిద్దామా, చెప్పండి?

ఆవిడ దిగేలోపే, ఆరింటికే అందరూ బ్లాక్ కిందికి రండి. అంకుల్, మీరూ రండి. పీకింది మీరే, తగిలించేదీ మీరే!